చెయ్యి దూరని కుళాయి

“గోడ కొట్టాల్సిందే సార్. వేరే దారి లేదు.”

షవర్ కుళాయి కారుతోందని పిలిస్తే వచ్చిన ప్లంబరు రెండు నిమిషాలు చూసి చెప్పే మాట ఇది. వినగానే మన బుర్రలో లెక్క మొదలవుతుంది. టైల్సు పగులుతాయి. ఆ రంగు, ఆ పూలు ఉన్న టైలు ఇప్పుడెక్కడా దొరకదు. మేస్త్రీ, కూలీ, ఇసుక, సిమెంటు, ఇల్లంతా దుమ్ము. “పండగ వెళ్లాక చూద్దాంలే” అనేసి కుళాయి కింద ఒక బకెట్టు పెడతాం. పండగలు వెళ్తూనే ఉంటాయి, బకెట్టు అక్కడే ఉంటుంది.

ఈ అధ్యాయం ఆ బకెట్టు తీసేయడానికి.

ముందు ఒక భయం వదిలించుకోవాలి. గోడలో ఉన్న వస్తువు బాగుపడాలంటే గోడ పగలాలన్నది చాలామటుకు నిజం కాదు. కన్సీల్డ్ కుళాయి తయారుచేసేవాళ్లకు అది అరుగుతుందని తెలుసు. అందుకే ఇత్తడి ఒళ్లు మాత్రం గోడలో ఉంచి, అరిగే భాగాలన్నీ ముందువైపు నుంచే ఊడివచ్చేలా అమరుస్తారు. పిడి, మూత, నట్టు, కార్ట్రిడ్జ్, వాషరు, ఓ-రింగు, అన్నీ మనం నిలబడ్డ వైపుకే వస్తాయి. గోడ కొట్టాల్సి వచ్చేది ఒళ్లు పగిలినప్పుడు, లేదా పైపు అతుకు ఊడినప్పుడు.

అయితే ప్లంబరు అబద్ధం చెబుతున్నాడా? కాదు. గోడ కొట్టి కొత్తది బిగించడం అతనికి తెలిసిన పని, కూలి ఖాయమైన పని. పాత కుళాయికి సరిపడే ముక్క వెతుకుతూ అంగళ్ల చుట్టూ సగం రోజు తిరిగితే ఆ తిరుగుడుకు డబ్బులెవరిస్తారు? ఆ సగం రోజు మన దగ్గరుంది. పనితనంలో మనం అతనికి సాటిరాము గానీ, తొందర లేకపోవడం అనే సౌకర్యం ఇంటివాడికే ఉంటుంది.

బెంగళూరు చిక్కపేటలో కాపురముండేవాళ్లకు ఈ అవస్థ మరీ ఎక్కువ. 1537లో కెంపేగౌడ కట్టించిన పేటకు రెండు వీధులు ప్రధానం. ఉత్తర దక్షిణాలుగా దొడ్డపేట, తూర్పు పడమరలుగా చిక్కపేట. దొడ్డపేటే ఇప్పటి అవెన్యూ రోడ్డు. బేరసారాల వీధి కాబట్టి వీధి ముఖం మీద జానెడు జాగాకూ గిరాకీ. అందుకే ఇళ్లు ముందు సన్నగా, లోపలికి పొడుగ్గా సాగుతాయి. ముందు అంగడి, వెనక కాపురం, పైన సరుకు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా మధ్యలో ఇంకో గోడ లేచింది. ఒకప్పుడు పెరటివైపు రాగి హండా కింద కట్టెలు పెట్టి నీళ్లు కాచుకున్న స్నానాలగది, పెరడు పోయాక మెట్ల కిందికి చేరింది. అందులో నిలబడితే రెండు మోచేతులూ రెండు గోడలకు తగులుతాయి, తలెత్తితే మెట్ల వాలు నుదుటికి తగులుతుంది. కుళాయి ఉన్న గోడకు అవతల పక్కవాళ్ల పూజగదో, చీరల కొట్టు బీరువాలో ఉంటాయి. వెనకనుంచి చేరే ప్రసక్తే లేదు.

వెనకదారి లేని ఇరుకు ఎంత చేటో ఈ ఊరికి 1898లో తెలిసొచ్చింది. ప్లేగు వచ్చినప్పుడు కిక్కిరిసిన పేట బాగా దెబ్బతింది. ఆ రోజుల్లోనే రూపుదిద్దుకున్న బసవనగుడి, మల్లేశ్వరాలలో ఇళ్ల వరసల వెనక సన్నటి సందులు విడిచిపెట్టారు, మరుగుదొడ్ల పని వెనకనుంచే జరిగిపోవాలని. ఆ సందుల్లో ఎవరిచేత ఏ పని చేయించారో తలుచుకుంటే గొప్పగా చెప్పుకోదగ్గ చరిత్ర కాదది. కానీ పాడైనదాని దగ్గరికి దారి ఉండాలన్న ఆలోచన అక్కడ నక్షాలోనే ఉంది. పేటలో లేదు. ఆ దారి మనమే వెతుక్కోవాలి, దొరక్కపోతే చేసుకోవాలి. కుళాయి పని అంటే నూటికి నూరుపాళ్లూ ఈ దారి పనే. నట్టు తిప్పడం అయిదు నిమిషాలు.

దారి వెతకడం చూపుతో మొదలవుతుంది. మూడు నాలుగు రోజులు పానా ముట్టుకోకుండా ఊరికే గమనించండి. కట్టేసిన తరవాత కూడా ఆగకుండా చుక్కలు పడుతున్నాయంటే కార్ట్రిడ్జో వాషరో అరిగింది. షవర్ వైపు తిప్పినా సగం నీళ్లు కింది మూతిలోంచే పోతున్నాయంటే డైవర్టర్ అరిగింది. ఈ రెండూ ముందునుంచే బాగవుతాయి. స్నానమయ్యాక కాసేపు చుక్కలు పడి వాటంతటవే ఆగిపోతే అది జబ్బే కాదు, పై గొట్టంలో నిలిచిన నీళ్లు దిగుతున్నాయంతే. ధార సన్నబడిందంటే కుళాయిని అనుమానించే ముందు షవర్ తల విప్పి చూడండి. బోరు నీళ్లు వాడే ఇంట్లో దాని బెజ్జాలు సున్నపు పొరతో పూడిపోయి ఉంటాయి. గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, పాత బ్రష్షుతో తోమితే తెరుచుకుంటాయి. రాత్రంతా నానబెడితే మాత్రం పైమెరుపు పోతుంది.

అక్కడా ఏమీ లేకపోతే ఎత్తు లెక్క చూసుకోండి. నీటిమట్టం 10 మీటర్లు పైన ఉంటే కుళాయి దగ్గర సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. మిద్దె మీది ట్యాంకు స్నానాలగదికి మూడు మీటర్ల పైనే ఉంటే వచ్చేది 0.3 బార్. ఎక్కువ ఒత్తిడి కోసం తయారైన ఖరీదైన షవర్ తెచ్చి ఆ నీళ్లకు తగిలించి, కుళాయి పాడైందని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

అసలు జాగ్రత్తపడాల్సింది గోడ చెమ్మ విషయంలో. చెమ్మ అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయండి. రెండు రోజులు ఆ గది వాడకం మానేసి, నీళ్ల లైను మాత్రం తెరిచే ఉంచండి. చెమ్మ గీత దాటిందంటే ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే భాగం కారుతోంది. అంటే కుళాయికి వచ్చే పైపు గానీ, దాని అతుకు గానీ. దాటకపోతే మూడో రోజు షవర్ విప్పకుండా, వేరేచోటి నుంచి తెచ్చిన నీళ్లు చెంబుతో టైల్సు మీద బాగా పోయండి. అప్పుడు పెరిగితే దోషం టైల్సు సందుల్లో రాలిపోయిన తెల్ల సిమెంటుది. అప్పుడూ పెరగకపోతే మిగిలింది కుళాయినుంచి షవర్‌కు ఎక్కే పైపు, దాని పై ఎల్బో. వారం రోజుల పరీక్షకు పెన్సిలు ఖర్చు తప్ప ఏమీ లేదు. ఈ పరీక్ష చేయకుండా గోడ కొట్టించి, కొత్త కుళాయి బిగించి, నెల తిరగకుండా అదే చోట అదే చెమ్మ చూసిన ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉంటాయి.

చుక్కే కదా అని తేలిగ్గా తీసుకోకండి. సెకనుకో చుక్క చొప్పున కారితే, చుక్క పరిమాణాన్ని బట్టి రోజుకు 5 నుంచి 20 లీటర్లు పోతాయి. బెంగళూరుకు కావేరి నీళ్లు 1974లో మొదలై ఇప్పటికీ తొరెకాడనహళ్లి నుంచే రావాలి. దాదాపు 100 కిలోమీటర్ల దూరం, 500 మీటర్ల ఎత్తు పంపులతో ఎక్కించి తెచ్చిన నీళ్లు మీ మెట్ల కిందికొచ్చి కారిపోతున్నాయి.

ఇక పని. నీళ్లు కట్టేయడం దగ్గరే చాలామంది తడుస్తారు. మిక్సర్‌కు రెండు వైపులనుంచీ నీళ్లొస్తాయి. చన్నీళ్ల వాల్వు ఒక్కటే కట్టేస్తే వేడినీళ్ల వైపు నుంచి వచ్చి ముఖాన కొడతాయి. కాబట్టి ముందు గీజరు స్విచ్చి, దాని ఎం.సి.బి. రెండూ ఆపి, నీళ్లు చల్లారనివ్వండి. తరవాత గీజరు దగ్గరి యాంగిల్ కాక్‌లు, ట్యాంకు నుంచి దిగే గేట్ వాల్వు కట్టేయండి. పాత గేట్ వాల్వు చక్రం తిరుగుతుంది గానీ లోపల బిళ్ల దిగదు. అలాంటప్పుడు ట్యాంకు ఖాళీ చేయడమే దిక్కు. పని పూర్తయ్యాక గీజరు నిండి, వేడినీళ్ల కుళాయిలో నీళ్లు ఎడతెగకుండా వచ్చేదాకా స్విచ్చి వేయకండి. ఖాళీ గీజరు వేస్తే లోపలి కాయిల్ మాడుతుంది.

కింద నీళ్లు పోయే జాలీ మీద తడిగుడ్డ పరవండి. కుళాయిలోని అతి చిన్న స్క్రూకి ఆ జాలీ అంటే ఎక్కడలేని మమకారం.

ఇప్పుడు పిడి. ఎరుపు నీలం చుక్కలున్న చిన్న మూతను గోటితోనో సన్నటి స్క్రూ డ్రైవర్‌తోనో లేపితే లోపల గ్రబ్ స్క్రూ కనిపిస్తుంది. సాధారణంగా 2.5 లేదా 3 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. గుండ్రటి ఫ్లాంజ్ కొన్నిట్లో మరతో, కొన్నిట్లో ఊరికే ఒత్తి కూర్చుని ఉంటుంది. అది వస్తే ఇత్తడి నట్టు, దాని వెనక కార్ట్రిడ్జ్. సింగిల్ లీవర్ అయితే ఎక్కువగా 35 లేదా 40 మిల్లీమీటర్ల సైజు. లోపల ఒకదాని మీద ఒకటి జారే రెండు పింగాణీ బిళ్లలుంటాయి. వాటి మధ్య ఒక్క ఇసుక రేణువు పడినా గీత పడి కారడం మొదలవుతుంది. పాతకాలపు తిప్పుడు కుళాయి అయితే పింగాణీ లేదు, రబ్బరు వాషరే. అది కొన్ని రూపాయల వస్తువు. ఒక్కో ముక్క తీసేముందు ఫోనుతో ఫోటో తీసి, తీసినవాటిని తీసిన వరసలోనే పాత పేపరు మీద పేర్చండి.

చెయ్యి దూరని కష్టం ఇక్కడ మొదలవుతుంది. పాత టైల్సు మీదే కొత్త టైల్సు అతికించిన ఇళ్లలో కుళాయి ఒళ్లు లోతుకు పోయి ఉంటుంది. నట్టు ఎక్కడో గుంట లోపల, మామూలు పానా అడ్డం తిరగదు. దీనికి కావాల్సింది బలం కాదు, గొట్టంలా పొడుగ్గా ఉండే బాక్స్ స్పానర్. గుంటలోకి నిలువుగా దింపి, బయట మిగిలిన కొసకు అడ్డంగా కడ్డీ దూర్చి తిప్పుతారు. తలపెట్టి చూడలేని మూల అయితే పళ్ల డాక్టరు వాడేలాంటి చిన్న కర్ర అద్దం, లేదా ఫోను కెమెరా. వేలు వెళ్లినా కన్ను వెళ్లని చోట కళ్లు మూసుకుని వేలితో తడిమి, తరవాత కాగితం మీద ఆకారం గీసుకోవడం కూడా మంచి పద్ధతే. మెరుపు పూత గీతలు పడకుండా పానా దవడలకు పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి.

నట్టు కదలకపోతే? బిగిసిన నట్టు దగ్గర మన స్వభావం బయటపడుతుంది. అరగంట ఓపిక పట్టినవాడు ముప్ఫై ఒకటో నిమిషంలో పానాకు ఇనప గొట్టం తొడిగి వేలాడతాడు. ఆ ఒక్క నిమిషంలోనే గోడ కొట్టే పని పుడుతుంది. గోడలో ఉన్నది పాత జి.ఐ. పైపు అయితే లోపల తుప్పుతో మర సన్నబడి ఉంటుంది. నట్టుకు బదులు పైపే మెలి తిరిగి ఎల్బో దగ్గర తెగుతుంది. సి.పి.వి.సి. అయితే ఇత్తడి మర ప్లాస్టిక్‌లోంచి వదులవుతుంది. బయట పనిలో ఇంకో పానాతో ఎదురు పట్టు పట్టొచ్చు. గోడలో పట్టు దొరకదు. అందుకే పని మొదలుపెట్టకముందే ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోండి. తుప్పు వదిలించే నూనె కొట్టి ఆ రాత్రికి వదిలేయండి. పొద్దున ఒకసారి బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, తరవాత విప్పే వైపు తిప్పండి. అప్పటికీ రాకపోతే చేతులు కడుక్కుని అనుభవమున్నవాణ్ని పిలవండి. నట్టు మంటతో వేడి చేయమని సలహా చెప్పేవాళ్లుంటారు. ప్లాస్టిక్ పైపున్న గోడలో మంట మాట ఎత్తకండి. సి.పి.వి.సి. వేడినీళ్లకు తట్టుకుంటుంది, మంటకు తట్టుకోదు.

ఊడివచ్చిన కార్ట్రిడ్జ్ జేబులో వేసుకుని అంగడికి వెళ్లడంలో చిక్కపేటవాళ్లంత అదృష్టవంతులు లేరు. నడిచి వెళ్లే దూరంలో ఎస్.జె.పి. రోడ్డు ఉంది, దాని చుట్టుపక్కల సందుల నిండా పనిముట్ల అంగళ్లు, పైపుల అంగళ్లు. ఫోటో చూపించి అడగకండి, వస్తువే చూపించండి. పేరు తెలియక్కర్లేదు. కన్నడం, తెలుగు, హిందీ, మార్వాడీ కలగలిసిన బేరంలో వస్తువే భాష.

“అన్నా, ఇట్లాంటిదే కావాల.”

“ఇది పాత మోడలు స్వామీ. కింద కాళ్లు చూడు, రెండా మూడా?”

ఆ ప్రశ్న అడిగిన అంగడివాణ్ని నమ్మొచ్చు. కార్ట్రిడ్జ్ అడుగున ఉండే బుడిపెలు, నీళ్ల రంధ్రాల అమరిక, పిడి తగిలే కడ్డీ పొడుగు, ఇవి మూడూ కలవాలి. వెడల్పు ఒక్కటే చూసి “అన్నిటికీ ఇదే పడుతుంది” అన్నవాడి దగ్గర వాపసు మాట ముందే మాట్లాడుకోండి. కుళాయి లోతుకు పోయిన ఇళ్లకు ఎక్స్‌టెన్షన్ నిపిల్, పొడుగు స్పిండిల్ కూడా అక్కడే అడగండి. పనిముట్లు ఒక్కసారికే కావాలంటే ఆదివారం పొద్దున్నే ఆ చుట్టుపక్కల పరిచే పాత సామాన్ల సంతలో చూడొచ్చు, బాక్స్ స్పానర్‌కు కొత్తదనంతో పనిలేదు. ఒకటే వాషరు కొనకండి, మూడు కొనండి. మిగిలిన రెండూ ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

తిరిగి బిగించడం విప్పినంత కష్టం కాదు. కార్ట్రిడ్జ్ కూర్చునే గుంటను మెత్తటి గుడ్డతో తుడిచి, వాల్వు ఒక్క క్షణం తెరిచి పైపులోని మట్టిని బయటకు వదలండి. ఈ మెట్టు దాటేసినవాళ్ల కొత్త కార్ట్రిడ్జ్ ఎక్కువ రోజులు బతకదు. మరలున్నచోట టెఫ్లాన్ టేపును మర తిరిగే దిక్కులోనే చుట్టాలి. ఎదురు చుడితే బిగిస్తుంటే ఊడివస్తుంది. నట్టు చేత్తో కూర్చోబెట్టి, పానాతో పావు చుట్టు. పింగాణీ బిళ్లలకు అంతకన్నా బలం చూపించక్కర్లేదు. ఫ్లాంజ్ పెట్టకముందే వాల్వులు మెల్లగా తెరిచి, అతుకుల చుట్టూ పొడి టిష్యూ కాగితం ఆనించి చూడండి. కన్నుకు కనపడని తడి కాగితానికి తెలుస్తుంది.

పెన్సిలు గీత పరీక్షలో దోషం పైపుదని తేలితే గోడ కొట్టక తప్పదు. అప్పుడైనా అటువైపా ఇటువైపా అని అడగండి. అవతల మెట్ల గూడో, మీ అంగడి వెనక గోడో అయితే టైల్సు జోలికే పోకుండా అటునుంచి కొట్టొచ్చు. అవతల పక్కవాళ్ల ఇల్లయితే ఇటునుంచే, ఒక టైలు అంతమేర.

కొట్టిన కన్నాన్ని ఏం చేయాలో చెప్పేముందు ఒక పోలిక. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు కొందరు వేసవిలో బండికి తగిలించుకుని తిరిగే ట్రావెల్ ట్రెయిలర్ స్నానాలగదిలోనూ సరిగ్గా ఇదే సమస్య. అక్కడ షవర్ కుళాయి పలచటి గోడకు బిగించి ఉంటుంది. వేడి, చల్ల రంధ్రాల మధ్య ఎడం చాలావాటిలో 4 అంగుళాలు. పట్టి ఉంచే ప్లాస్టిక్ నట్లు గోడ వెనక ఉంటాయి. చలికాలం ముందు నీళ్లు పూర్తిగా దించకపోతే అవి గడ్డకట్టి కుళాయి ఒళ్లే చీలుతుంది, అప్పుడు మార్చక తప్పదు. నీళ్ల పంపు ఆపి, కుళాయి తెరిచి ఒత్తిడి దించి, వెనక నట్టు వేళ్లతో విప్పితే చాలు, పానా కూడా అక్కర్లేదు. కానీ ఆ వెనకకు చేరేదెలా? కొన్ని బండ్లలో పక్క అలమార లోపల నాలుగు స్క్రూల పలక ఉంటుంది. లేని బండ్ల యజమానులు అలమార వెనక చెక్కను తామే చదరంగా కోసి, దానికి మూత బిగించుకుంటారు. ఒకసారి కోసినవాళ్లు దాన్ని మళ్లీ అతికించి మూసేయరు.

మన గోడకూ అదే చేయించండి. కొట్టిన చోట పైపు అతుకు బాగయ్యాక, సి.పి.వి.సి. సొల్యూషన్‌కు ఒక రోజంతా ఆరే వ్యవధి ఇచ్చి, నీళ్లు వదిలి చూసుకున్నాక, ఆ కన్నాన్ని సిమెంటుతో పూడ్చనివ్వకండి. చుట్టూ అల్యూమినియం ఫ్రేము పెట్టించి, టైలును నాలుగు స్టీలు స్క్రూలతో దానికి బిగించి, అంచులకు సిలికాన్ పట్టించమనండి. మేస్త్రీ ఒప్పుకోడు. “గట్టిగా ఉండదు సార్” అంటాడు. గట్టిగా ఉండకూడదనే పెట్టిస్తున్నామని నచ్చజెప్పాలి. ఆ టైలు వెనక ఏ పైపు ఎటు పోతోందో, వాల్వు ఎక్కడుందో, కార్ట్రిడ్జ్ సైజెంతో ఒక చీటీ రాసి ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపలే పెట్టండి. మూసేముందు ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో వేయండి. ఇల్లు అద్దెకిచ్చినా, పంపకాల్లో తమ్ముడికి పోయినా పనికొస్తుంది.

సిలికాన్ ఆరడానికి 24 గంటలు పడుతుంది. ఈలోగా షవర్ విప్పకండి. బకెట్టు ఎలాగూ అక్కడే ఉంది, ఒక చెంబు తెచ్చుకోండి.